బోరు కొలవందే బిల్లు రాయను

"మారుతి ఎయిట్ హండ్రెడ్‌కి బ్రేక్ మాస్టర్ సిలిండర్ ఒకటి ఇవ్వండి" అని ఎవరైనా అడిగితే నేను లేచి పెట్టె తీయను. ఏ సంవత్సరం బండి, కాలి బలాన్ని పెంచే బూస్టర్ ఉందా లేదా, పాత సిలిండర్ వెంట తెచ్చారా అని అడుగుతాను. కొందరికి చిరాకొస్తుంది. "మారుతికి మారుతిదే కదండీ, మళ్లీ ఈ ప్రశ్నలేంటి?" అంటారు. మారుతి 800 మొదటి బండి 1983 డిసెంబరులో బయటికొచ్చింది. 1986లో బాడీ మారిపోయింది. 2014 జనవరిలో తయారీ ఆగింది. ముప్పై ఏళ్ల పాటు పేరు ఒక్కటే, లోపలి సామాను మాత్రం మారుతూనే ఉంది. బూస్టర్ లేని బండికి ఒక సిలిండర్, ఉన్నదానికి ఇంకొకటి. ఇవన్నీ చెబుతుంటే వెనక నిలబడ్డ మెకానిక్ కుర్రాళ్లు నవ్వుకుంటారు. వాళ్లకి ఈ పాట కంఠతా వచ్చు.

విజయవాడ ఆటోనగర్‌లో మాది చిన్న కొట్టు. బ్రేక్, క్లచ్ సామాను తప్ప వేరేవి పెట్టం. కొత్త బండ్ల వాళ్లు మా దగ్గరికి పెద్దగా రారు. వాళ్లకి కంపెనీ సర్వీస్ సెంటర్లున్నాయి, ఛాసిస్ నంబరు కొడితే పార్ట్ నంబరు వచ్చేస్తుంది. మా దగ్గరికొచ్చేవి అంబాసిడర్లు, ఫియట్లు, జీపులు, మొదటి తరం మారుతులు. తాతగారి బండి అమ్మలేక బాగుచేయించుకునేవాళ్లు కొందరు. పదిహేనేళ్లు నిండి రీ-రిజిస్ట్రేషన్‌కి ఆర్టీఓ ఆఫీసు ముందు నిలబడాల్సి వచ్చి, బ్రేకులు గుర్తొచ్చినవాళ్లు ఇంకొందరు. పాత సామాను కోసం జనం చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి, కోల్‌కతా మల్లిక్ బజారు దాకా తిరుగుతారు. అద్దాలకీ, హారన్లకీ, తలుపు పిడులకీ అలా తిరగడంలో తప్పు లేదు. బ్రేకుకి మాత్రం "దొరికింది కదా" అన్నది కొనడానికి కారణం కాకూడదు.

అసలు పోయింది మాస్టర్ సిలిండరేనా అన్నది ముందు తేల్చుకోవాలి. పెడల్ కిందికి పోతోందంటే చాలు, మాస్టర్ మార్చేయమనే మెకానిక్కులు చాలామంది ఉన్నారు. బండి ఆపి పెడల్ తొక్కి పట్టుకోండి. గట్టిగా నిలబడి, కాసేపటికి మెల్లగా, లిఫ్టు దిగినట్టు దిగిపోతూ ఉండి, బయట ఎక్కడా చుక్క కారకపోతే, లోపలి రబ్బరు కప్పులు ఒత్తిడిని ఆపలేక ఆయిల్‌ను వెనక్కి వదిలేస్తున్నాయన్నమాట. అది మాస్టర్ తప్పే. అలాకాక, మొదటిసారి లోతుకెళ్లి, రెండు మూడుసార్లు వరసగా కొడితే పైకొచ్చి అక్కడే నిలబడుతోందా? అప్పుడు వెనక డ్రమ్ముల్లో లైనర్లకీ డ్రమ్ముకీ మధ్య సందు పెరిగి ఉంటుంది, అడ్జస్ట్ చేస్తే సరిపోతుంది. పెడల్ మెత్తగా ఉంటే లైన్లో గాలి ఉంది. బ్రేక్ వేస్తే బండి ఒక పక్కకి లాగుతోందంటే తప్పు ఆ చక్రాల దగ్గర వెతకాలి. బూస్టర్ ఉన్న బండికి ఇంకో గుర్తు ఉంది: డబ్బాలో ఆయిల్ తగ్గుతూ ఉంటుంది, కింద తడి ఉండదు. వెనక సీలు పోయి ఆయిల్ బూస్టర్ పొట్టలోకి చేరుతోంది. బూస్టర్ లేని పాత బండికైతే పెడల్ దగ్గర కార్పెట్ తడుస్తుంది, ఆ చుట్టుపక్కల రేకు మీద పెయింటు పొరలు పొరలుగా లేస్తుంది. బ్రేక్ ఆయిల్‌కి పెయింటంటే పడదు.

సరే, మాస్టరే పోయింది. ఇప్పుడు కొత్తది ఎంచుకోవాలి. దానికి ఆ సిలిండర్ చేసే పని కాస్త తెలియాలి. మీ పాదం పెడల్‌ని నొక్కుతుంది, పెడల్ ఒక కడ్డీని నెడుతుంది, ఆ కడ్డీ సిలిండర్లో ఉన్న పిస్టన్‌ని తోస్తుంది, పిస్టన్ ముందున్న ఆయిల్ పైపుల గుండా నాలుగు చక్రాలకీ వెళ్లి అక్కడి చిన్న పిస్టన్లని నెడుతుంది. ఇక్కడ నెట్టిన ఆయిలే అక్కడికి చేరాలి, ఇక్కడి ఒత్తిడే అక్కడా ఉండాలి. స్కూల్లో చదువుకున్న పాస్కల్ సూత్రం ఇంతకన్నా పెద్దదేం కాదు. ఆ ఆయిల్ ఎంత వెళ్తుంది, ఎంత ఒత్తిడితో వెళ్తుంది అన్న రెండిటినీ తేల్చేది ఒకే ఒక్క కొలత. సిలిండర్ లోపలి రంధ్రం వ్యాసం. మేం బోరు అంటాం.

బోరు లెక్క వింటే నిద్రొస్తుందని మా అబ్బాయి అంటాడు గానీ, ఇది తెలియకుండా మిగతాదంతా తెలిసినా ఉపయోగం లేదు. మీరు పెడల్ మీద 20 కిలోల బలం పెట్టారనుకోండి. పెడల్ మీటలాంటిది కాబట్టి అది అయిదు రెట్లయి, పిస్టన్ మీద 100 కిలోలు పడింది. ముప్పావు అంగుళం బోరుకి, అంటే 19.05 మిల్లీమీటర్లకి, పిస్టన్ ముఖం వైశాల్యం 2.85 చదరపు సెంటీమీటర్లు. 100ని దానితో భాగిస్తే చదరపు సెంటీమీటరుకి దాదాపు 35 కిలోల ఒత్తిడి. ఇప్పుడు అదే చోట 7/8 అంగుళం బోరు సిలిండర్ పెట్టండి. అది 22.2 మిల్లీమీటర్లు, తేడా మూడు మిల్లీమీటర్లే. కానీ వైశాల్యం 3.88కి పెరుగుతుంది, ఒత్తిడి 26కి పడిపోతుంది. పాత ఒత్తిడి కావాలంటే ఇప్పుడు 27 కిలోల బలంతో తొక్కాలి. ఎదురుగా గేదె అడ్డొచ్చినప్పుడు ఆ ఏడు కిలోల సంగతి తెలుస్తుంది.

దీంట్లో మోసం ఎక్కడుందంటే, బోరు పెద్దదైన సిలిండర్ బిగించగానే పెడల్ బ్రహ్మాండంగా అనిపిస్తుంది. ఇదివరకు పిస్టన్ 30 మిల్లీమీటర్లు కదిలితే వెళ్లే ఆయిల్ ఇప్పుడు 22 మిల్లీమీటర్లకే వెళ్లిపోతుంది. పెడల్ పైనే ఆగుతుంది, రాయిలా గట్టిగా ఉంటుంది. షెడ్డులో నిలబడి ఉన్న బండి మీద కాలు పెట్టి చూసి "అబ్బ, ఎంత గట్టిగా ఉందో చూడండి" అని మెకానిక్కూ, ఓనరూ ఇద్దరూ మురిసిపోతారు. గట్టి పెడల్ అంటే మంచి బ్రేక్ అని మనవాళ్లకో నమ్మకం. రోడ్డెక్కాక బండి ఆగాల్సిన చోట ఆగదు.

బోరు చిన్నదైతే దీనికి తిరగబడుతుంది. పెడల్ వెన్నలా దిగుతుంది, తక్కువ బలానికే ఎక్కువ ఒత్తిడి వస్తుంది, ఆడవాళ్లు నడిపే బండి కాబట్టి ఇదే మేలని సలహా చెప్పేవాళ్లూ ఉన్నారు. (ఆడవాళ్ల కాళ్ల మీద వీళ్లకున్న అంచనా నాకెప్పుడూ అర్థం కాదు.) కానీ నాలుగు చక్రాలకీ సరిపడా ఆయిల్ నెట్టాలంటే పిస్టన్ ఎక్కువ దూరం పోవాలి. లైనర్లు కాస్త అరిగేసరికి పెడల్ నేలకి తగులుతుంది. రెండు సర్క్యూట్ల సిలిండర్‌కైతే ఇంకో ప్రమాదం. ఒక సర్క్యూట్ పగిలిపోతే రెండోదాంతో బండి ఆపాలన్నది దాని ఏర్పాటు. అందుకు పెడల్‌కి కింద కొంత దూరం మిగిలి ఉండాలి. ఆ దూరాన్ని మామూలు రోజుల్లోనే వాడేసుకుంటే అవసరం పడినప్పుడు మిగిలేది ఏమీ ఉండదు.

కాబట్టి నేను చూసే మొదటి సంగతి పాత సిలిండర్ ఒంటి మీద అంకె. చాలావాటి మీద పోతపోసేటప్పుడే బోరు వేస్తారు, 3/4 అనో, 20.64 అనో. గ్రీజూ మట్టీ కిరసనాయిలు బ్రష్షుతో కడిగితే కనిపిస్తుంది. అంకె లేకపోతే పిస్టన్ బయటికి తీసి వెర్నియర్ లోపలి దవడలతో రంధ్రాన్ని కొలుస్తాను. రంధ్రం మొదట్లో తుప్పూ అరుగుదలా ఉంటాయి కాబట్టి కాస్త లోపలికి పెట్టి, వెర్నియర్‌ని తిప్పి రెండు దిక్కుల్లో చూడాలి. టేపుతోనో, స్కేలుతోనో అయ్యే పని కాదు. 19.05కీ 20.64కీ మధ్య ఉన్నది ఒకటిన్నర మిల్లీమీటరు, దాంతో వైశాల్యం 17 శాతం పైగా మారుతుంది.

మరి పాతది తెచ్చి చూపిస్తే చాలా? అక్కడే ఒక చిక్కుంది. ముప్పై ఏళ్ల బండిలో ఇప్పుడున్న సిలిండర్ పుట్టుకతో వచ్చిందే అని ఎవరు చెప్పగలరు? ఈ మధ్య ఏలూరు వైపు నుంచి ఒక కుర్రాడు వాళ్ల తాతగారి జీపు తెచ్చాడు. ఉద్యోగం హైదరాబాదులో, బండి మీద ప్రేమ ఇక్కడ. ముందు చక్రాలు తొందరగా వేడెక్కిపోతున్నాయట, పది కిలోమీటర్లు పోయేసరికి బండిని ఎవరో వెనక్కి పట్టుకున్నట్టు ఉంటుందట.

"బాబాయ్ గారూ, మాస్టర్ మార్చినా ఇదే గోల. సేమ్ పీస్ తెప్పించి వేశాను."

"సేమ్ అంటే దేనికి సేమ్?"

"పాతదానికి."

వంగి చూస్తే ముందు చక్రాలకి డిస్కులున్నాయి. ఆ వయసు జీపుకి ముందూ వెనకా డ్రమ్ములుండాలి. మధ్యలో ఎవరో కొత్త యాక్సిల్ వేయించి డిస్కులు పెట్టారు, మాస్టర్ సిలిండర్ మాత్రం పాతదే ఉంచేశారు. ఈ అబ్బాయి దాన్ని చూసి అచ్చం అలాంటిదే ఇంకోటి కొన్నాడు. సరిగ్గా కొన్నాడు, సరికానిదాన్ని కొన్నాడు.

పాత డ్రమ్ము బండ్ల మాస్టర్‌కి ఆయిల్ బయటికెళ్లే మొన దగ్గర లోపల ఒక చిన్న వాల్వు ఉండేది. పెడల్ వదిలేశాక కూడా లైన్లో కొద్దిపాటి ఒత్తిడి, చదరపు అంగుళానికి సుమారు పది పౌండ్లు, మిగిలేట్టు చూడటం దాని పని. డ్రమ్ముల్లో షూలను వెనక్కి లాగడానికి బలమైన స్ప్రింగులుంటాయి, ఆ పది పౌండ్లను అవి లెక్కచేయవు. ఆ కాస్త ఒత్తిడి వల్ల చక్రాల దగ్గరి కప్పులు గోడకి అంటిపెట్టుకుని గాలి పీల్చకుండా ఉంటాయి. డిస్కులో అలాంటి స్ప్రింగులు లేవు. అదే పది పౌండ్లు అక్కడ ప్యాడ్లని డిస్కుకి రాస్తూనే ఉంటాయి. రాపిడి, వేడి, మైలేజీ పతనం, చివరికి ఆయిల్ మరిగి పెడల్ మాయం. ఆ అబ్బాయి జీపులో జరిగింది ఇదే. పైగా డిస్కు ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు ముందుకొచ్చి ఎక్కువ ఆయిల్‌ను తమ దగ్గరే ఉంచేసుకుంటాయి. డ్రమ్ముల కాలపు చిన్న డబ్బాలో అంత ఆయిల్ పట్టదు. అందుకే ముందు డిస్కు, వెనక డ్రమ్ము ఉన్న బండికి తయారైన టాండెమ్ సిలిండర్లలో చాలావాటికి ముందు చక్రాల వాటా పెద్దదిగా ఉంటుంది. ముందు చక్రాల పైపునీ వెనక చక్రాల పైపునీ అటూ ఇటూ మార్చి బిగించినవాళ్లనీ చూశాను.

టాండెమ్ అన్నాను కదా, మా కొట్టు భాషలో టీఎంసీ. ఒకే గొట్టంలో ఒకదాని వెనక ఒకటిగా రెండు పిస్టన్లు, రెండు విడి సర్క్యూట్లు. ఒకటి పోయినా రెండోది బండిని ఎంతో కొంత ఆపుతుంది. అమెరికాలో 1968 నుంచి కొత్త కార్లకి దీన్ని తప్పనిసరి చేశారు. తొలి అంబాసిడర్లకీ, ఫియట్లకీ ఒకే పిస్టన్, ఒకే సర్క్యూట్. ఒక చక్రం దగ్గర హోసు పగిలిందంటే నాలుగు చక్రాల బ్రేకులూ పోయినట్టే, చేతి బ్రేకే గతి. అందుకని పాత బండికి టీఎంసీ పెట్టించుకోవాలని ఆశపడేవాళ్లని నేను తప్పుపట్టను, ఆశ మంచిదే. కానీ అది సిలిండర్ ఒక్కటి మార్చితే తీరే పని కాదు. ముందు వెనక లైన్లు విడదీయాలి, పెడల్ కదిలే దూరం చాలుతుందో లేదో కొలవాలి, బిగించే చోట రేకు ఆ బరువుకి ఆగాలి. ఇవి చేయగలిగిన షెడ్డు దొరికితే చేయించుకోండి. లేకపోతే ఉన్న సింగిల్‌నే మంచిది కొని, హోసులన్నీ కొత్తవి వేయించండి.

అంబాసిడర్ సంగతి విడిగా చెప్పాలి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ని తెచ్చి ఉత్తర్‌పాడాలో చేసిన బండి అది. 1950ల చివర్లో మొదలై 2014 దాకా వచ్చింది. తొలి బండ్లలో పెడల్ నేలలోంచి పైకి పొడుచుకొచ్చి ఉంటుంది, మాస్టర్ సిలిండర్ డ్రైవర్ కాళ్ల కింద, బండి అడుగున దాక్కుని ఉంటుంది. ఆయిల్ పోయాలంటే కార్పెట్ ఎత్తాలి. తర్వాతి బండ్లలో పెడల్ పైనుంచి వేలాడుతుంది, సిలిండర్ ఇంజన్ వైపు రేకుకి ఎక్కింది. ఆ తర్వాత బూస్టర్లూ, డిస్కులూ చేరాయి. "అంబాసిడర్ మాస్టర్" అని నోటితో అడిగితే వీటిలో ఏది ఇవ్వను? అడుగున ఉండే రకానికి తోడు ఇంకో బాధ, వానాకాలం రోడ్డు మీది బురదంతా దాని ముఖానే కొడుతుంది. వెనక రబ్బరు తొడుగు చిరిగితే నీళ్లు నేరుగా బోరులోకి పోతాయి. ఆ రకం కొనేటప్పుడు తొడుగు బాగుందో లేదో వేలితో సాగదీసి చూడండి.

బోరు సరిపోయింది, రకం సరిపోయింది, రెండు బోల్టుల మధ్య దూరమూ సరిపోయింది. ఇక పైపు నట్టు. ఇది ప్రాణాంతకమైన చిన్న విషయం. ఇంగ్లీషు మూలం ఉన్న బండ్లకి తరచుగా 3/8 అంగుళం, అంగుళానికి 24 మరలున్న నట్లు ఉంటాయి. జపాన్ మూలం ఉన్నవాటికి 10 మిల్లీమీటర్లు, ఒక మిల్లీమీటరు పిచ్. 3/8 అంటే తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. ఆ నట్టుని పది మిల్లీమీటర్ల రంధ్రంలో పెట్టి తిప్పితే హాయిగా తిరుగుతూ లోపలికి పోతుంది. చివర కాస్త పట్టు కూడా దొరికినట్టుంటుంది. మెకానిక్ ఇంకో పావు చుట్టు బిగిస్తాడు, మరలు సగం సగం పట్టుకుని నిలబడతాయి. మామూలుగా తొక్కినన్నాళ్లు ఏమీ కాదు, గట్టిగా తొక్కిన రోజున జారిపోతుంది. కొత్త సిలిండర్ని బండి దగ్గరికి తీసుకెళ్లి, నట్టుని ముందు చేత్తోనే చివరిదాకా తిప్పి చూడండి. లోపలికి పోయాక అటూ ఇటూ ఊగుతున్నా, ఒక చుట్టుకే బిగుసుకుపోయినా స్పానర్ జోలికి పోవద్దు, కొట్టుకి వెనక్కి రండి. పైపు మొన ఆకారమూ చూసుకోవాలి. కొన్ని మొనలు గరాటులా విచ్చుకుని లోపలికి మడిచి ఉంటాయి, కొన్ని గుండ్రంగా ఉబ్బి ఉంటాయి. ఒకదాని గూట్లో ఇంకొకటి కూర్చోదు. బిగించేకొద్దీ చెమ్మ పెరుగుతుందే గానీ తగ్గదు.

తర్వాత వెనక్కి తిరిగి చూడండి, అంటే సిలిండర్ వెనక్కి. పిస్టన్‌లో పుష్‌రాడ్ కూర్చునే గుంత లోతు అన్నిటికీ ఒకటే కాదు. బూస్టర్ లేని బండికి గుంత లోతుగా ఉంటుంది, రాడ్ జారి బయటపడకూడదు కదా. బూస్టర్ బండికి సాధారణంగా తక్కువ లోతు. రాడ్ పొడవుకీ గుంత లోతుకీ లెక్క కుదరకపోతే రెండు విధాల నష్టం. రాడ్ పొట్టిదైతే పెడల్ కొంత దూరం ఖాళీగా పోతుంది. పొడుగైతే మరీ ప్రమాదం. సిలిండర్ లోపల పిస్టన్ కప్పుకి కొంచెం ముందు, సూది మొనంత రంధ్రం ఒకటి డబ్బాలోకి తెరుచుకుని ఉంటుంది. బ్రేకులు వేడెక్కి ఆయిల్ ఉబ్బినప్పుడు ఎక్కువైన ఆయిల్ ఆ రంధ్రం గుండా డబ్బాలోకి వెళ్లిపోతుంది. పుష్‌రాడ్ ఒక్క మిల్లీమీటరు పొడుగై పిస్టన్‌ని ఎప్పుడూ కాస్త ముందుకి నెట్టి ఉంచిందంటే కప్పు ఆ రంధ్రాన్ని మూసేస్తుంది. బెంజి సర్కిల్ దగ్గర బయల్దేరినప్పుడు బండి బాగానే ఉంటుంది. గన్నవరం చేరేసరికి లాగడం మానేస్తుంది. హనుమాన్ జంక్షన్‌లో టీ తాగి, అరగంట ఆగితే చల్లబడి మళ్లీ కదులుతుంది. ఇలాంటి బండిని మూడు షెడ్లు తిప్పి, క్లచ్ ప్లేట్లు కూడా మార్పించిన పెద్దమనిషి ఒకాయన ఉన్నారు, పేరు చెప్పను.

బూస్టర్ రాడ్ సందు చూడటానికి పిల్లల బంకమన్ను చాలు. చిటికెడు తీసి పిస్టన్ గుంతలో పెట్టి, సిలిండర్ని బూస్టర్‌కి ఆనించి, బోల్టులు బిగించి, మళ్లీ విప్పి చూడండి. మన్ను ఎంత మందాన మిగిలిందో అదే సందు. ఆ బండి మాన్యువల్‌లో ఉన్న అంకెకి సరిపోవాలి, ఎక్కువ బండ్లకి అది మిల్లీమీటరులోపే. రాడ్ మొన నట్టు తిప్పి సరిచేయొచ్చు. బూస్టర్ లేని బండికి పెడల్ దగ్గర చేత్తో నొక్కితే, రాడ్ పిస్టన్‌కి తగిలేలోపు కాస్త ఊగులాట తెలియాలి.

ఇక సరుకు నాణ్యత. పాత స్టాకు మీద జనానికి ఎంత మోజో చెప్పలేను. "ఒరిజినల్ అండీ, సీల్ కూడా విప్పలేదు, ఇరవై ఏళ్ల నుంచి గోడౌన్లో ఉంది" అని ఎక్కడినుంచో తెచ్చి చూపిస్తారు. పెట్టె బాగుంది, పోత బాగుంది. లోపలి రబ్బరుకి మాత్రం ఆ ఇరవై ఏళ్లూ వయసొచ్చింది. పెదవి గట్టిపడి ఉంటుంది, వేలితో వంచితే సన్నటి గీతలు పడతాయి. అలాంటిది కొంటే కొత్త రబ్బర్ల కిట్టు వేయించాకే వాడండి. కొత్తగా తయారైనవాటిలో బ్రేక్స్ ఇండియా వాళ్ల టీవీఎస్ గిర్లింగ్ పేరు మనవాళ్లకి బాగా తెలుసు. 1962లో టీవీఎస్, ఇంగ్లండు లూకాస్ కలిసి పెట్టిన కంపెనీ అది. ఏ పేరైనా సరే, ఆ పేరుకి నకిలీ కూడా ఉంటుంది. బిల్లు ఇవ్వనన్నవాడి దగ్గర బ్రేక్ సామాను కొనకండి.

కొత్తది అసలు దొరకని బండ్లుంటాయి. వాటికి పాత ఒంటికే స్లీవ్ వేయించడం మేలైన దారి. లేత్ మీద బోరు పెద్దది చేసి, లోపల స్టెయిన్‌లెస్ స్టీలో ఇత్తడో గొట్టం దించి, మళ్లీ మొదటి కొలతకే తెస్తారు. దీంతో పైపు నట్లు, బోల్టులు, రాడ్డు అన్నీ పుట్టుకతో ఉన్నట్టే సరిపోతాయి. చేసేవాడికి చెప్పాల్సింది ఒక్కటే: ఆ సూది రంధ్రాన్ని స్లీవ్‌లో మళ్లీ వేయాలి, లోపలి వైపు దాని అంచుని నున్నగా రుద్దాలి. అంచు పదునుగా మిగిలితే కప్పు దానిమీదుగా పోయి వచ్చిన ప్రతిసారీ కోసుకుపోతుంది. లోపల గుంటలు పడ్డ సిలిండర్ని గీరుతూ గీరుతూ నునుపు చేసి కిట్టు వేసే పద్ధతి ఉంది గానీ, గుంట పోయేదాకా గీరితే బోరు పెద్దదైపోతుంది, కప్పు వదులవుతుంది. నేనైతే ఆ పనికి కిట్టు అమ్మను.

ఆయిల్ గురించి క్లుప్తంగా. సీసా మీద డాట్ 3 అనో డాట్ 4 అనో ఉంటుంది. కొత్తగా ఉన్నప్పుడు డాట్ 3 మరిగే వేడి కనీసం 205 డిగ్రీలు, డాట్ 4కి 230. ఈ ఆయిల్ గాల్లో చెమ్మని పీలుస్తుంది. తేమ చేరాక ఆ అంకెలు 140కి, 155కి పడిపోతాయి. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు ఆ తేడా కాలికి తెలుస్తుంది. సగం వాడి మూత పెట్టిన పాత సీసాని కొత్త సిలిండర్‌లో పోయకండి. ఎవరైనా తెలియక ఇంజన్ ఆయిలో, స్టీరింగ్ ఆయిలో పోశారన్న అనుమానం ఉంటే డబ్బాలోంచి కొంచెం తీసి గ్లాసు నీళ్లలో వేయండి. బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది, ఇంజన్ ఆయిల్ పైన తేలుతుంది. తేలిందంటే మాస్టర్ ఒక్కటి మార్చి లాభం లేదు. లైన్లోని ప్రతి రబ్బరూ ఉబ్బి ఉంటుంది, చక్రాల సిలిండర్ల కప్పులూ హోసులూ సహా అన్నీ మార్చాలి.

కొత్త సిలిండర్ని బండికి ఎక్కించే ముందు వైసులో పట్టి, ఆయిల్ పోసి, మెల్లగా నెడుతూ లోపలి గాలి బయటికి పంపాలి. ఈ పని ఎగ్గొట్టి, బండి మీద గంటల తరబడి గాలి తీస్తూ కూర్చునేవాళ్లున్నారు. కొత్త మాస్టర్ పూర్తి ఒత్తిడి ఇవ్వడం మొదలుపెట్టాక అప్పటిదాకా ఊరకున్న వెనక వీల్ సిలిండర్లు కారడం కూడా మామూలే. కొత్త సరుకు తప్పని నా మీదికి రాకముందు వెనక డ్రమ్ములు విప్పి చూడమంటాను. తర్వాత ఖాళీ రోడ్డు మీద కాసేపు నడిపి, బండి ఆపి, ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి వేడి చూడండి, తాకకుండా, దగ్గరగా పెట్టి. అన్నీ మండుతుంటే ఆ పుష్‌రాడ్ లెక్క మళ్లీ చూడాలి. ఏదో ఒక్కటే మిగతావాటికన్నా మండుతుంటే తప్పు ఆ చక్రం దగ్గర వెతకాలి.

వారం తర్వాత డబ్బాలో మట్టం చూడండి. తగ్గి ఉండి, చక్రాల దగ్గర, పైపుల దగ్గర తడి లేకపోతే సిలిండర్ బోల్టులు వదులు చేసి, బూస్టర్ నుంచి అంగుళం ముందుకి లాగి, సందులో వేలు పెట్టండి. వేలికి తడి తగిలితే బిల్లు పట్టుకుని రండి. ఆయిల్ తగిలిన సామాను వెనక్కి తీసుకోబడదని గోడ మీద బోర్డు ఉంది గానీ, కారే సిలిండర్‌కి ఆ బోర్డు చూపించను.